మెట్లు లెక్కపెట్టకండి, మీటర్లు లెక్కపెట్టండి

మీ ప్రశ్నను ముందు నాకు అర్థమైనట్టుగా చెప్పుకుంటాను. మీరు నలుగురు మిత్రులు. విరాళాల సేకరణ కోసం పది వారాల తరువాత 50 అంతస్తుల భవనంలో దాదాపు 1,000 మెట్లు ఎక్కబోతున్నారు. అభ్యాసానికి వారంలో రెండు రోజులు మీ నగరంలోని 120 మెట్ల బహిరంగ దారిని ఎనిమిదేసి సార్లు ఎక్కి దిగుతున్నారు. ఒకరికి దిగేటప్పుడు మోకాలి ముందు భాగంలో నొప్పి వస్తోంది, ఇంకొకరు రెండో విడతకే రొప్పుతూ కూలబడుతున్నారు, మూడో వ్యక్తి అందరినీ వదిలేసి పైకి పరుగు తీస్తున్నారు. ఇంకా ఎన్నిసార్లు ఎక్కాలి, రెండేసి మెట్లు వేయాలా, నలుగురూ కలిసి పైకి చేరడం సాధ్యమేనా అని అడిగారు. పన్నెండేళ్లుగా ఇటువంటి కార్యక్రమాల్లో పాల్గొంటూ, నాలుగైదు బృందాలకు అభ్యాసం చేయించిన అనుభవంతో జవాబిస్తున్నాను.

మీ లెక్కలో ఒక పొరపాటు ఉంది. దాదాపు ప్రతి కొత్త బృందమూ దానిలోనే పడుతుంది. 120 మెట్లు ఎనిమిదిసార్లు ఎక్కితే 960 అవుతుంది కాబట్టి భవనానికి సరిపడా అభ్యాసం ఇప్పటికే చేస్తున్నామని మీరు అనుకుంటున్నారు. కానీ శరీరానికి మెట్ల సంఖ్య తెలియదు, తన బరువును ఎంత ఎత్తుకు మోయవలసి వచ్చిందన్నదే తెలుస్తుంది. ఆరుబయట జనం రాకపోకలకు కట్టే మెట్లు సాధారణంగా పొట్టిగా, పాదం మోపే చోటు వెడల్పుగా ఉంటాయి. భవనాల లోపలి అత్యవసర మెట్లు తక్కువ స్థలంలో ఎక్కువ ఎత్తు చేరాలి కాబట్టి నిటారుగా ఉంటాయి. ఉక్రెయిన్‌లోని ఒడెసా నగరంలో 1841లో పూర్తయిన పోటెమ్కిన్ మెట్లనే తీసుకోండి: 192 మెట్లు, సుమారు 27 మీటర్ల ఎత్తు. భాగిస్తే ఒక్కో మెట్టు 14 సెంటీమీటర్లు. న్యూయార్క్‌లోని ఎంపైర్ స్టేట్ భవనంలో 1978 నుంచి జరుగుతున్న పోటీలో 86వ అంతస్తు దాకా 1,576 మెట్లు, సుమారు 320 మీటర్ల ఎత్తు. అక్కడ ఒక్కో మెట్టు 20 సెంటీమీటర్లకు పైమాటే. స్విట్జర్లాండ్‌లో నీసెన్ కొండ రైలు పట్టాల పక్కన ఉన్న మెట్లు 11,674. వినగానే గుండె జారుతుంది గానీ ఎక్కే ఎత్తు 1,669 మీటర్లు, అంటే మెట్టుకు 14 సెంటీమీటర్ల చిల్లర. పేరుకు అన్నీ మెట్లే అయినా ఎంపైర్ స్టేట్ మెట్టు ఒకటి ఎక్కడమంటే ఒడెసా మెట్లు దాదాపు ఒకటిన్నర ఎక్కడమే.

అందుచేత ఈసారి వెళ్లేటప్పుడు కొలత టేపు ఒకటి జేబులో వేసుకోండి. పాత రాతి మెట్లు అన్నీ ఒకే ఎత్తులో ఉండవు, అంచులు అరిగి ఉంటాయి. కాబట్టి ఒక్క మెట్టును కొలిచి వదిలేయకుండా కింద, మధ్యలో, పైన కలిపి పది మెట్లు కొలిచి సగటు తీయండి. ఉదాహరణకు మీ మెట్టు 14 సెంటీమీటర్లు అనుకుందాం. 120 మెట్లకు 16.8 మీటర్లు. భవనంలో మెట్టు 17.5 సెంటీమీటర్లయితే 1,000 మెట్లకు 175 మీటర్లు. ఆ ఎత్తు చేరాలంటే మీ దారిని ఎనిమిదిసార్లు కాదు, పదిన్నర సార్లు ఎక్కాలి. భవనంలో మెట్టు ఎత్తు, మొత్తం ఎక్కే ఎత్తు ఎంతో నిర్వాహకులను అడగండి. వారికి తెలియకపోతే భవన నిర్వహణ చూసేవారు చెబుతారు.

ఎత్తు తేడా ఒక్కటే అయితే ఇంకో మూడు విడతలు కలిపేయండి అని ఇక్కడితో ఆపేసేవాడిని. అసలు తేడా మరోచోట ఉంది. మీరు ఒకటిన్నర నిమిషమో అంతకంటే తక్కువో ఎక్కి, దిగుతూ ఊపిరి తీసుకుని, మళ్లీ ఎక్కుతున్నారు. భవనంలో ఆ దిగుడు విరామం ఉండదు. పావుగంటకు పైగా తెరిపి లేకుండా ఎక్కుతూనే ఉండాలి. పరిశ్రమ మొదలైన వెంటనే శరీరం ఆక్సిజన్ వినియోగాన్ని కావలసిన స్థాయికి పెంచుకోలేదు, దానికి రెండు మూడు నిమిషాలు పడుతుంది. ఆ లోపు కండరాలు ఉన్న నిల్వలను వాడుకుంటూ అప్పు మీద నడుస్తాయి. మొదటి ఐదారు అంతస్తులు అందుకే అంత తేలికగా అనిపిస్తాయి, ఎనిమిదో అంతస్తు దగ్గర అప్పులవాడు తలుపు తడతాడు. రెండో విడతకే కూలబడుతున్న మీ మిత్రుడికి ఊపిరితిత్తుల బలం తక్కువని నేను అనుకోవడం లేదు. పరుగు తీసేవారిని అందుకోవాలని మొదటి విడతనే ఆయన మితిమీరిన వేగంతో ఎక్కుతూ ఉండవచ్చు. (ఛాతీలో నొప్పి లేదా బిగుతు, కళ్లు తిరగడం, గుండె లయ తప్పినట్టు అనిపించడం వంటివి ఏ ఒక్కటి ఉన్నా ఈ మాట వర్తించదు. అభ్యాసం ఆపి వైద్యుడిని కలవవలసిందే. రక్తపోటుకు మందు వాడేవారు, చాలాకాలంగా వ్యాయామం లేనివారు మొదలుపెట్టే ముందే ఆ పని చేయాలి.)

వేగం ఎంత ఉండాలో అంకెల్లో చెబుతాను. మొదటిసారి ఎక్కేవారికి ఒక్కో అంతస్తుకు 20 సెకన్లు మంచి లక్ష్యం. అంటే 50 అంతస్తులకు 1,000 సెకన్లు, 17 నిమిషాలకు కొంచెం తక్కువ. అంతస్తు 3.5 మీటర్లు అనుకుంటే నిమిషానికి 10.5 మీటర్ల ఎత్తు. అదే వేగంతో మీ 16.8 మీటర్ల దారి ఎక్కడానికి 96 సెకన్లు పట్టాలి. గడియారం చూసుకుంటూ ఒకసారి ఎక్కి చూడండి. ఇంత నెమ్మదిగానా అని నవ్వుకుంటారు. ఆ నవ్వు రావడమే వేగం సరిగ్గా ఉందనడానికి గుర్తు. ఎంపైర్ స్టేట్ భవనంలో 2003లో ఆస్ట్రేలియాకు చెందిన పాల్ క్రేక్ 9 నిమిషాల 33 సెకన్లలో పైకి చేరారు. అది నిమిషానికి 33 మీటర్లకు పైగా ఎత్తు, మీకు చెప్పిన వేగానికి మూడు రెట్ల పైచిలుకు. పరుగు తీసే మీ మిత్రుడు బహుశా అటువంటివారిని మనసులో పెట్టుకున్నారు. ఆయన ఉత్సాహాన్ని నేను తప్పుపట్టను, కానీ 120 మెట్లు పరుగెత్తగలగడానికీ 1,000 మెట్లు పరుగెత్తగలగడానికీ సంబంధం చాలా తక్కువ.

ఇక దిగుడు సంగతి. దీని మీద కాస్త ఎక్కువసేపు ఉంటాను, ఎందుకంటే నేను చూసిన బృందాల్లో అభ్యాసం మానేసినవారిలో ఎక్కువమంది ఎక్కలేక మానలేదు, దిగి మానేశారు. ఎక్కేటప్పుడు తొడ ముందు కండరం కుంచించుకుంటూ పనిచేస్తుంది. దిగేటప్పుడు అదే కండరం సాగుతూ, వంగిన మోకాలి మీద పడే బరువును పట్టి ఆపుతుంది. గుండెకు ఇది హాయిగా ఉంటుంది కాబట్టి విశ్రాంతి అనుకుంటాం. కండరానికీ మోకాలి చిప్పకూ మాత్రం దెబ్బ తగిలేది ఇక్కడే. సాగుతూ చేసే పనికి కండర తంతువులు ఎక్కువగా నలుగుతాయి, ఆ నొప్పి వెంటనే రాదు, ఒకటి నుంచి మూడు రోజుల మధ్య ముదురుతుంది. నా మొదటి ఏడాది నేను ఒక ఆదివారం పద్నాలుగు విడతలు ఎక్కి, ప్రతిసారీ ఉల్లాసంగా పరుగెత్తుతూ దిగాను. ఆ సాయంత్రం ఏమీ లేదు. మంగళవారం ఉదయం కుర్చీలో కూర్చోవడానికి రెండు చేతులతో దాని అంచులు పట్టుకుని, ఆఖరి జానెడు దూరం పడిపోవలసి వచ్చింది. ఆ తరువాత పది రోజులు మెట్ల జోలికి పోలేదు. పది వారాల ప్రణాళికలో పది రోజులంటే మాటలు కాదు.

మీ లెక్క చూడండి: విడతకు 16.8 మీటర్లు, రోజుకు ఎనిమిది విడతలు, వారానికి రెండు రోజులు, పది వారాలు. మొత్తం 2,600 మీటర్లకు పైగా దిగుతారు. కార్యక్రమం రోజున పైకి చేరాక లిఫ్టులో దించుతారు, ఒక్క మెట్టు కూడా దిగనక్కరలేదు. అవసరం లేని పనికి అంత మూల్యం చెల్లిస్తున్నారన్నమాట. ఒక మినహాయింపు ఉంది. 2001 సెప్టెంబరు 11న ప్రాణాలు కోల్పోయిన 343 మంది అగ్నిమాపక సిబ్బంది స్మారకంగా అమెరికాలో జరిగే ఆరోహణల్లో 110 అంతస్తులకు సమానమైన ఎత్తు ఎక్కుతారు. అంత ఎత్తు భవనం లేనిచోట ఒకే భవనాన్ని పలుమార్లు ఎక్కుతారు. మీ కార్యక్రమం కూడా విడతలుగా జరిగేదైతే మధ్యలో కిందికి ఎలా దించుతారో తప్పక తెలుసుకోండి. మెట్ల మీదుగానే అయితే దిగుడు కూడా మీ అభ్యాసంలో భాగం కావాలి.

లిఫ్టులో దించేటట్టయితే దిగుడును వీలైనంత తగ్గించండి. చాలా మెట్ల దారులకు పక్కనుంచో చుట్టూ తిరిగో వాలు బాట ఒకటి ఉంటుంది. దూరమైనా దాని మీదుగా నడిచి రండి. అది లేకపోతే నెమ్మదిగా, రెయిలింగ్ పట్టుకుని, పూర్తి పాదం మోపుతూ, కొద్దిగా పక్కకు తిరిగి దిగండి. దిగుతూ కబుర్లు చెప్పుకోవడం మంచిదే, ఫోను చూసుకోవడం మాత్రం వద్దు. అరిగిన అంచు మీద ఆకులు తడిసి ఉంటే మడమ జారడానికి క్షణం చాలు. మోకాలి నొప్పి ఉన్న మీ మిత్రురాలు రెండు వారాలు పూర్తిగా దిగడం మానేయాలి. ఆ సమయంలో కుర్చీలోంచి చేతుల ఊతం లేకుండా నిదానంగా లేచి కూర్చోవడం, జానెడు కంటే తక్కువ ఎత్తున్న పీట మీద నిలబడి ఒక కాలి మడమను నేలకు తాకించి మళ్లీ పైకి తీసుకోవడం నొప్పి పుట్టనంత మేరకు రోజు విడిచి రోజు చేయవచ్చు. వాపు కనిపించినా, మోకాలు పట్టేసినట్టు ఆగిపోయినా, రాత్రి నొప్పి నిద్ర చెడగొట్టినా ఫిజియోథెరపిస్టుకు చూపించడం తప్పదు, ఇంటి చిట్కాలతో లాగవద్దు.

ఎడతెగకుండా ఎక్కే అలవాటు మీ 120 మెట్ల మీద రాదు కాబట్టి వారానికి ఒక రోజును అక్కడినుంచి మార్చండి. మీలో ఎవరైనా పనిచేసే లేదా నివసించే చోట పది, పదిహేను అంతస్తుల భవనం ఉంటే అనుమతి అడిగి దాని మెట్లు వాడుకోండి: ఎక్కడం కాళ్లతో, దిగడం లిఫ్టుతో. అనుమతి అనే మాట మర్యాద కోసం చెప్పడం లేదు. అత్యవసర మెట్ల తలుపులు చాలా భవనాల్లో మెట్లవైపు నుంచి తెరుచుకోవు, ఒకసారి లోపలికి వెళ్తే కింది అంతస్తు దాకా దిగితేనే బయటపడేది. తలుపుకు ఇటుక అడ్డుపెట్టి తెరిచి ఉంచడం అగ్ని భద్రతకే విరుద్ధం. ఏ అంతస్తుల్లో తలుపు తెరుచుకుంటుందో ముందుగా కనుక్కుని, ఎవరితోనైనా చెప్పి వెళ్లండి. భవనం దొరకకపోతే వ్యాయామశాలలో కదిలే మెట్ల యంత్రం పనికొస్తుంది. దాని మీద చాలామంది రెండు చేతులూ పిడుల మీద మోపి బరువంతా వాటికి అప్పగించి ఇరవై నిమిషాలు ఎక్కామని సంతోషిస్తారు. వేళ్లు తాకిస్తే చాలు, వాలకండి.

వారాల వారీగా పట్టిక వేసి ఇవ్వను. మీ ఒళ్లు చెప్పేది పట్టిక చెప్పదు. స్థూలంగా, మొదటి మూడు వారాలు రోజుకు 80 నుంచి 100 మీటర్ల ఎత్తు చాలు, అంటే మీ దారిలో ఐదారు విడతలు. ఇప్పుడు చేస్తున్న ఎనిమిది నుంచి తగ్గించమంటున్నానని గమనించారు కదా. ఆ తరువాత వారానికి ఒకటి, అరా కలుపుతూ ఎనిమిదో వారానికి ఒక రోజు మొత్తం 175 మీటర్లు దాటేలా చూడండి. భవనంలో చేసే రోజున మొదటి వారాల్లో ఐదు నిమిషాలు, పోనుపోను ఎనిమిది, పన్నెండు నిమిషాలు ఆగకుండా ఎక్కడమే లక్ష్యం; లిఫ్టులో దిగే ఒకటి రెండు నిమిషాలు మినహాయింపు. రెండు అభ్యాసాల మధ్య కనీసం రెండు రోజుల వ్యవధి ఉంచండి. చివరి కష్టమైన అభ్యాసం కార్యక్రమానికి వారం ముందే ముగించాలి. ఆఖరి వారంలో కొత్తగా వచ్చే బలం ఏమీ ఉండదు, వస్తే గిస్తే నొప్పులే వస్తాయి. వీపున బరువు సంచి వేసుకుని ఎక్కడం గురించి ఎవరైనా సలహా ఇస్తే విని ఊరుకోండి, మొదటి ఏడాది దాని అవసరం లేదు.

ఒక్కో మెట్టా, రెండేసి మెట్లా అన్న ప్రశ్నకు సిద్ధాంతపరంగా పెద్ద వివాదం లేదు. ఎక్కే ఎత్తు ఒకటే కాబట్టి బరువు మోసే పనీ ఒకటే. రెండేసి వేస్తే అడుగుల సంఖ్య తగ్గి, ప్రతి అడుగుకూ తొడలు, పిరుదుల మీద భారం పెరుగుతుంది. ఒక్కొక్కటి వేస్తే కాళ్లు త్వరగా ఆడించాలి, పిక్కలు ముందుగా అలుస్తాయి. అనుభవజ్ఞులు సాధారణంగా రెండేసి ఎక్కుతారు, రెయిలింగ్‌ను చేతులతో లాగుతూ ఆ భారంలో కొంత భుజాలకు పంచుతారు. మీరు మాత్రం ఒక్కో మెట్టుతో మొదలుపెట్టి, కాళ్లు మార్పు కోరినప్పుడు ఒక అంతస్తు రెండేసి, మళ్లీ రెండు అంతస్తులు ఒక్కొక్కటి అన్నట్టు కలిపి వాడుకోండి. మెట్టు మీద మునివేళ్లు మాత్రమే మోపి మడమను గాలిలో వదిలితే ముప్పయ్యో అంతస్తుకు పిక్కలు పట్టేస్తాయి. పాదంలో మూడొంతులైనా మెట్టు మీద ఉండాలి.

ఆరుబయట అసలు నేర్చుకోలేనిది మలుపు. పోటెమ్కిన్ మెట్ల అమరికలో ఒక చమత్కారం ఉంది: పైనుంచి చూస్తే మెట్లు కనబడవు, వరుసగా పది ల్యాండింగ్‌లే (మెట్ల వరుసల మధ్య ఉండే చదును తలాలు) కనిపిస్తాయి, కిందినుంచి చూస్తే ల్యాండింగ్‌లు మాయమై మెట్లే కనిపిస్తాయి. భవనంలో పైకీ కిందికీ కూడా ఏమీ కనిపించదు. పది మెట్లు, ఒక గోడ, మలుపు, మళ్లీ పది మెట్లు. ఆ మలుపు దగ్గర చాలామంది బయటి గోడ పక్కగా నాలుగైదు అడుగులు నడుస్తారు. అంతస్తుకు రెండు మలుపుల చొప్పున వందసార్లు ఆ అదనపు నడక నడవడమన్నమాట. లోపలివైపు రెయిలింగ్‌ను చివరి రెండు మెట్లు ఉండగానే ముందుకు చాచిన చేతితో అందుకుని, దాని చుట్టూ ఒంటిని తిప్పుతూ ఒకటి రెండు అడుగుల్లో తరువాతి వరుస మొదటి మెట్టు మీద కాలు పెట్టాలి. కొన్నాళ్లు చేస్తే చేతికి దానంతట అదే తెలుస్తుంది. మెట్లన్నీ ఒకే దిక్కుకు తిరుగుతాయి కాబట్టి లోపలి చేయి ఒక్కటే అలుస్తుంది, కొందరికి తల కూడా తిరుగుతుంది. అప్పుడప్పుడు చేయి మార్చి, చూపును రెండు మూడు మెట్ల ముందు నిలపడం మేలు. అంతస్తు అంకెలు చదువుతూ ఎక్కేవారు ఒకటి గుర్తుంచుకోవాలి: కొన్ని భవనాల్లో 13వ అంతస్తు అనేది అంకెల్లో ఉండదు, కొన్నింటిలో యంత్రాల అంతస్తులు లెక్కలోకి రావు.

నలుగురూ కలిసి పైకి చేరడం గురించి నా అభిప్రాయం కొంచెం కఠినంగా అనిపించవచ్చు: కలిసి ఎక్కకండి. ఇరుకు మెట్ల మీద నలుగురు గుంపుగా ఎక్కితే వెనకవారికి దారి ఉండదు, ముందున్నవారు ఆగి ఆగి ఎక్కవలసి వస్తుంది, వెనకున్నవారు తమది కాని వేగంతో రొప్పుతారు. అందరికంటే నెమ్మదిగా ఎక్కేవారు ముందు బయలుదేరి, మిగిలినవారు అభ్యాసంలో తేలిన వ్యత్యాసాన్ని బట్టి ఒకటి రెండు నిమిషాల తేడాతో కదిలితే దాదాపు ఒకే సమయానికి పై అంతస్తుల్లో కలుసుకుంటారు. రద్దీ లేకుండా మనుషులను కొన్ని సెకన్ల తేడాతో వదలడం చాలా కార్యక్రమాల్లో పద్ధతే కాబట్టి ఈ ఏర్పాటుకు నిర్వాహకులు అభ్యంతరం చెప్పకపోవచ్చు. జట్టు సమయాన్ని నలుగురి మొత్తంగా లెక్కిస్తారా, చివరివారు చేరిన క్షణాన్ని తీసుకుంటారా అన్నది మాత్రం ముందే అడగండి, దాన్ని బట్టి ఈ ఏర్పాటు మారుతుంది. అభ్యాసంలో కూడా ఇలాగే చేయండి; పరుగు తీసే మిత్రుడిని అందరికంటే చివర వదిలితే ఆయనకు తరమడానికి మనుషులు దొరుకుతారు, మీకు మనశ్శాంతి దొరుకుతుంది. ఎక్కుతూ ఒక పూర్తి వాక్యం మాట్లాడగలిగితే వేగం సరిపోయినట్టు. రెండు మాటలకు ఒకసారి ఊపిరి తెగుతుంటే ఎక్కువైనట్టు. తెల్లవారుజామున ఎక్కేటట్టయితే మెట్ల పక్క ఇళ్ల కిటికీలు గుర్తుంచుకుని, విడతల సంఖ్య గట్టిగా అరవకండి.

విరాళాల గురించి అడగకపోయినా ఒక మాట. ఎక్కిన ప్రతి అంతస్తుకూ ఇంత అని మాట తీసుకునే పద్ధతి వినడానికి బాగుంటుంది, కానీ కళ్లు తిరుగుతున్న మనిషి కూడా ఇంకో ఐదు అంతస్తులు లాగితే ఇంత వస్తుందని లాగడం నేను చూశాను. మొత్తం ముందుగానే నిర్ణయించుకుని, మధ్యలో ఆగినా అదే ఇచ్చేలా దాతలతో మాట్లాడుకోండి.

ఆ రోజు నీళ్ల సీసా మోసుకుపోనక్కరలేదు. పావుగంట ఆరోహణకు ముందు తాగినది చాలు. మూసి ఉన్న మెట్ల దారిలో గాలి పొడిగా, దుమ్ముగా ఉంటుంది, దాన్ని నోటితో అంతసేపు జోరుగా పీల్చినందుకు పైకి చేరాక గొంతు గీరుకుపోయి కొన్ని గంటలు పొడిదగ్గు వస్తుంది. ఆరోగ్యవంతులకు అది దానంతట అదే తగ్గిపోతుంది. ఉబ్బసం ఉన్నవారు మాత్రం ఇన్హేలరును సంచిలో కింద వదిలేయకుండా జేబులో పెట్టుకుని ఎక్కాలి, ఆ సంగతి తక్కిన ముగ్గురికీ తెలిసి ఉండాలి. పైకి చేరగానే నేల మీద కూలబడకుండా రెండు మూడు నిమిషాలు అటూ ఇటూ నడవండి, ఉన్నట్టుండి ఆగితే రక్తం కాళ్లలో నిలిచి కళ్లు బైర్లు కమ్ముతాయి. లిఫ్టు దగ్గర వరుస పొడుగ్గా ఉంటే, సరదాకైనా సరే, మెట్ల మీదుగా దిగుదామని ఎవరైనా అంటే ఒప్పుకోకండి.